అంకమ్మ నగర్ నడుమ ఎకరం

చెన్నకేశవులు ప్లాను కాగితాన్ని నాలుగువైపులా తిప్పి చూశాడు. ఎటు తిప్పినా ఒకేలా ఉంది. ఆయనకు అనుమానం తెప్పించింది అదే.

"ఏంది సారూ ఇది? నలభై ఎకరాలిచ్చి ప్లాట్లు కొయ్యమంటి గదా, కర్బూజకాయ కోసినట్టు కోసినావే!"

"లేఅవుటేనప్పా. నిదానంగా చూడు."

"చూస్తానే ఉండా. ఈ నడుమ గుండ్రంగా ఉండేది ఏంది? నీళ్ల ట్యాంకా?"

"ఖాళీ స్థలం."

"ఎంత?"

"ఎకరం."

చెన్నకేశవులు కాగితాన్ని బల్ల మీద పెట్టి, అది కదలకుండా పేపరువెయిట్ కూడా పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు. పత్తి విత్తనాల వ్యాపారి ఆయన. బస్తాను పొట్లాలుగా కట్టి అమ్మితే లాభమెంతో తెలిసినవాడు కాబట్టి, భూమిని కూడా అలాగే అమ్మవచ్చని ఈమధ్యనే కనిపెట్టాడు. 1998 జనవరి నాటికి నంద్యాలలో ఆ సంగతి కనిపెట్టనివాళ్లు తక్కువ.

ప్లాను గీసిన లక్ష్మీనారాయణ గొంతు సవరించుకున్నాడు. ఈ మాటలు ఆయన ముప్పై ఒక్క ఏళ్లుగా సిద్ధం చేసుకుంటున్నాడు.

వయసు యాభై ఏడు. ఉద్యోగం లేదు, లైసెన్సు ఉంది. సర్వేయరు. సంజీవనగర్ గేటు దగ్గర ఒక గది, ఒక వాలు బల్ల, ఒక పాత థియోడలైటు. ఇంతవరకు నాలుగు వేల ఇళ్ల ప్లాన్లు గీశాడు. తూర్పు వాకిలి, ఆగ్నేయంలో పొయ్యి, నైరుతిలో మంచం. నాలుగు వేలూ అవే. లేఅవుట్లు ఇరవై ఆరు గీశాడు. అన్నీ గళ్ల నోటుపుస్తకాలే. ఊరు పెరిగినంత మేరా సగం ఆయన చేతి గీతే. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకు కొంచెం సిగ్గేసేది.

ఆయనకు ఒక రహస్యం ఉంది. బీరువాలో ఒక పొడుగాటి రిజిస్టరు. అందులో ఊళ్ల బొమ్మలు. లైబ్రరీ పుస్తకాల మీద ట్రేసింగ్ పేపరు పరిచి గీసుకున్న ఓరుగల్లు కోట, జైపూరు, ఎక్కడెక్కడివో పట్నాలు. 1979లో కాశీయాత్రకు పోయినప్పుడు ఢిల్లీలో బస్సు ఆగితే, అక్కడి గుండ్రటి బజారులో ఆయన తప్పిపోయాడు. మూడు గంటలు. బస్సులో అరవైమంది యాత్రికులు ఆకలితో తిట్టుకుంటూ కూర్చున్నారు. నిజానికి ఆయన తప్పిపోలేదు. తిరుగుతున్నాడు. ఏ రోడ్డున పోయినా నడుమ మైదానానికే వస్తుంటే ఎలా వదిలిపెట్టి వస్తాడు?

"చెన్నకేశవులప్పా, ఒక మాట అడుగుతా. టీ తాగకుండా, టికెట్ కొనకుండా, దండం పెట్టుకోకుండా మనిషి ఊరికే కూర్చునే చోటు నంద్యాలలో యాడైనా ఉందా?"

"ఊరికే యాల కూర్చోవాల?"

"ఊరన్నాక నడుమ ఒకటుండాల. రోడ్లన్నీ ఆడికి రావాల. మన ఓరుగల్లు గుండ్రంగా కట్టలేదా?"

"కట్టినారు. ఏమైంది? పడిపాయె గదా!"

లక్ష్మీనారాయణ దారి మార్చాడు. విత్తనాల వ్యాపారితో చరిత్ర మాట్లాడి లాభం లేదు.

"ఆళ్లగడ్డ రోడ్డు పొడుగునా లేఅవుట్లే. పేరు తీసేస్తే ఏది ఎవరిదో వాళ్లమ్మకు కూడా తెలీదు. దీనికి పెట్టేది మీ అమ్మ పేరు. అంకమ్మ నగర్. పదింట్లో ఒకటిగా ఉండాల్నా, పదూళ్లవాళ్లు చెప్పుకునేట్టు ఉండాల్నా?"

ఆ దెబ్బ తగిలింది. చెన్నకేశవులు పేపరువెయిట్ తీసి, కాగితంలోని చక్రాన్ని మళ్లీ చూశాడు.

"సరే సారూ. ఉగాదికి అమ్మకాలు మొదలుపెడ్దాం. దసరాకు సగం ప్లాట్లు పోవాల. పోలేదంటే ట్రాక్టరు తెచ్చి నీ రాళ్లు పెరికిస్తా. గళ్లు కొట్టిస్తా. ఆ ఎకరంలో పదహారు ప్లాట్లు తీస్తా. నీతో గాదు, ఇంకోనితో గీయిస్తా."

*

నల్లరేగడిలో చక్రం గీయడం అంత తేలిక కాదు. నడుమ ఒక నాపరాయి పాతించి, దానికి ఇనుప గొలుసు కట్టి, చుట్టూ తిరుగుతూ సున్నం పోయించాడు లక్ష్మీనారాయణ. గోస్పాడు వైపు నుంచి వచ్చిన కూలీలు పనిచేస్తూనే పందెం కట్టుకున్నారు.

"సర్కసే. గుడారానికి గుండ్రంగా గీస్తారు."

"కాదులే, యజ్ఞం. రాళ్లు చూడు, ఎట్ల పాతిపిస్తాండాడో!"

వారానికి చక్రం తయారైంది. నడుమ ఎకరం మైదానం. దాని చుట్టూ ఒక రోడ్డు. అక్కడి నుంచి ఎనిమిది దిక్కులకు ఎనిమిది రోడ్లు. పడమర రోడ్డు పోయి ఆళ్లగడ్డ రోడ్డులో కలుస్తుంది, అదే వాకిలి. మిగిలిన ఏడు రోడ్లూ బయటి వలయం దాకా పోయి, ఒక్కోటి ఒక్కో ప్లాటు ముందు ఆగుతాయి. లక్ష్మీనారాయణ నీళ్ల ట్యాంకరు మీదికెక్కి చూసి, దిగడం మర్చిపోయాడు.

ఉగాది పోయిన మూడో రోజున మొదటి బేరం వచ్చింది. గోస్పాడు రైతు ఒకాయన, వెంట బనగానపల్లె సిద్ధాంతిని పెట్టుకుని వచ్చాడు. తూర్పు రోడ్డు చివర పద్నాలుగో నంబరు ప్లాటు దగ్గర సిద్ధాంతి నిలబడ్డాడు. రోడ్డు వైపు చూశాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ఈ ప్లాను గీసినాయన ఎవరప్పా?"

"నేనే స్వామీ," అన్నాడు లక్ష్మీనారాయణ, కాస్త గర్వంగానే.

"ఎవరి మీద కోపంతో గీసినావు?"

లక్ష్మీనారాయణకు అర్థమైంది. వీధిపోటు. రోడ్డు నేరుగా వచ్చి ఇంటికి గుచ్చుకోవడం. అలాంటి ఇంట్లో కాపురం నిలవదని రాయలసీమలో అందరికీ తెలుసు. నాలుగు వేల ప్లాన్లు గీసినవాడికి తెలియదా? తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు రోజూ దాన్ని తప్పిస్తూ గీశాడు. కానీ ఈ ఒక్క ప్లాను మాత్రం గిరాకీ కోసం గీయలేదు, తన కోసం గీసుకున్నాడు. అందుకే గుర్తు రాలేదు.

"రోడ్డేమో బాణం. ఇల్లేమో గురి," అన్నాడు సిద్ధాంతి. "మామూలు ఊర్లో ఒకటో రెండో పోట్లుంటాయి. ఏడు పోట్లుండే ఊరిని నా సర్వీసులో చూళ్లేదు."

ఆ మాట సిద్ధాంతి కంటే ముందే నంద్యాల చేరింది. పోటు లేని ప్లాట్లు కూడా అడిగేవాడు లేడు. ఏడు పోట్ల పక్కన కాపురం ఎవరికి కావాలి? సోమవారం సంతలో అంకమ్మ నగర్ అనేవాళ్లు ఒక్కరు కూడా లేరు. పోట్ల నగర్ అంటున్నారు.

జూన్ పోయింది. జులై పోయింది. ప్లాట్ల మధ్య జొన్న దంటు మొలిచింది.

ఒక్కరంటే ఒక్కరు వచ్చారు. మరియమ్మ, రిటైరైన నర్సు. గొడుగు వేసుకుని ఒంటరిగా వచ్చి, పద్నాలుగో నంబరు ముందు నిలబడింది.

"ఈ రోడ్డు నేరుగా ఈడికే వస్తాదా సార్?"

లక్ష్మీనారాయణ అబద్ధం చెప్పే ఓపిక కూడా పోగొట్టుకుని ఉన్నాడు. "వస్తుందమ్మా. సూటిగా."

"అంబులెన్సు గూడా సూటిగా వస్తాది గదా?"

"వస్తుంది."

"ముప్పై నాలుగేండ్లు సందుల్లో స్ట్రెచర్ పట్టుకొని మలుపులు తిప్పినా సార్. ఒకాయన మూడో మలుపు కాడనే పాయె. రోడ్డు ఇంటికి సూటిగా వస్తాదంటే భయపడతాండారా మీవోళ్లు? ఈ ప్లాటు నాకు రాయండి."

ఆ సాయంత్రం లక్ష్మీనారాయణ ఆ మాటలను రిజిస్టరులో రాసుకున్నాడు. తన ప్లానును అర్థం చేసుకున్న ఒకే ఒక్క మనిషి మాటలవి. ఆమె నంబరు పద్నాలుగు. అమ్ముడుపోనివి ఇంకా రెండువందల అరవై.

*

ఆగస్టులో చెన్నకేశవులు ట్రాక్టరును నిజంగానే తెచ్చాడు. పెరికించలేదు. తెచ్చి వాకిలి దగ్గర నిలబెట్టాడు.

"దసరాకింకా టైముండాది గదప్పా!" అన్నాడు లక్ష్మీనారాయణ.

"ఉండాది. అందుకే నిలబెట్టినా. లేకుంటే ఈపాటికి దున్నేసేవాణ్ణి. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నట్టు వచ్చి పలకరిస్తాండారు సారూ నన్ను, 'మీ పోట్ల నగర్ ఎట్లుంది?' అని!"

ఇంటికి పోయి లక్ష్మీనారాయణ అన్నం కలిపి, తినకుండా కూర్చున్నాడు. భార్య సుగుణమ్మ రెండు నిమిషాలు చూసింది. ఆమె ఓపిక అంతవరకే.

"ఏమయ్యా, ఏడు పోట్లేనా?"

"ఏడే."

"ఏడు వినాయకుల్ని పెట్టియ్యి. లోకమంతా చేసే పని అదే గదా. పోటు కాడ వినాయకుడుంటే రోడ్డు ఆయన్ను చూసుకుంటాది, ఆయన రోడ్డును చూసుకుంటాడు. నడుమ నీ ఏడుపేంది?"

లక్ష్మీనారాయణ కంచం పక్కకు జరిపాడు. ఆయన ఆయుష్షులో సగం పోటు వినాయకుల మీద జోకులు వేయడంలోనే గడిచింది. గోడకు బొమ్మ అంటిస్తే రోడ్డు భయపడి పక్కకు పోతుందా అని కాఫీ హోటల్లో అందరినీ నవ్వించేవాడు.

"ఆళ్లగడ్డలో రాయి అయిపోయిందా, చెక్కేవాళ్లు చచ్చిపోయినారా?" అంది సుగుణమ్మ. "తిని, పొద్దున్నే బేగ బస్సెక్కు."

పొద్దున్నే బస్సెక్కాడు.

ఆళ్లగడ్డలో బస్సు దిగితే చెవులే దారి చూపిస్తాయి. ఉలి దెబ్బలు వినిపించిన వైపు పోవడమే. రోడ్డు పక్క పాకల కింద చేతులు లేని దేవతలు, ముఖం రాని నందులు వరసగా ఉన్నారు. చివరి పాకలో ఓబులాచారి బీడీ వెలిగించుకుంటున్నాడు. ఏ రాష్ట్రంలో గుడి కట్టినా ఆయన పేరు ఒకసారి వినిపిస్తుంది.

"ఏడు వినాయకులా! ఏం సారూ, ఊరంతా పోట్లు పెట్టుకున్నారా?"

"నేనే పెట్టినా ఆచారీ. బలమైనవి కావాల. దసరాకు లోపల."

"బలం రాయిలో లేదు సారూ, చూపులో ఉండాది." ఓబులాచారి ఉలి మొనతో గాలిలో గీత గీశాడు. "పోటు దేవుడంటే కావలివాడు. వాడు యాడికి చూడాల్నో నాకు చెప్పకుంటే కన్ను తెరవను. చూపు కిందికైతే గడప కాడ పడతాది. పైకైతే ఇంటి మీద నుంచి పోతాది. చెప్పు, చూపు ఎంత దూరం?"

ఎవరైనా అయితే 'రోడ్డు చివరిదాకా చూడనీ' అని ఊరుకునేవారు. లక్ష్మీనారాయణ సర్వేయరు. చొక్కా జేబులోంచి కాగితం తీసి, కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు.

"విగ్రహం నుంచి ఏడువందల నలభై అడుగులు. మైదానం నడుమ ఒక నాపరాయి పాతినా. సరిగ్గా దాని మీద పడాల."

ఓబులాచారి బీడీ పక్కన పెట్టాడు. నలభై ఏళ్ల పనిలో ఆయనకు అంత స్పష్టంగా సమాధానం చెప్పిన గిరాకీ లేడు.

"ఏడింటికీనా?"

"ఏడింటికీ. ఒక్క అడుగు కూడా తేడా రాకూడదు."

అలా ఎందుకన్నాడో లక్ష్మీనారాయణకే తెలియదు. అలవాటు. అంకె చెప్పాలంటే ఖచ్చితంగా చెప్పడమే ఆయన ధర్మం. ఇంతకాలానికి తన గీతను గౌరవించే పనివాడు ఒకడు దొరికాడన్న సంబరం కూడా కొంత ఉంది.

సెప్టెంబరు మూడో వారంలో ఏడు నల్లరాతి వినాయకులు లారీలో వచ్చారు. ఏడు రోడ్ల చివర, ప్లాట్ల సరిహద్దు బయట, ఏడు దిమ్మెలు సిద్ధంగా ఉన్నాయి. విగ్రహం కళ్లు చెక్కడానికి ఓబులాచారి ప్రతి దిమ్మె దగ్గరా ఉలి పట్టుకుని నిలబడ్డాడు. లక్ష్మీనారాయణ థియోడలైటు బిగించి, వినాయకుడి తల వెనకనుంచి నాపరాయి వైపు గురి చూసి, "ఇంకొంచెం ఎడమకు... చాలు!" అని కేకేశాడు. రెండు రోజులు పట్టింది.

పద్నాలుగో నంబరు దగ్గర మాత్రం లక్ష్మీనారాయణ ఇబ్బంది పడ్డాడు. మరియమ్మ అప్పటికే పునాది తవ్విస్తోంది.

"అమ్మా, మీకు అభ్యంతరముంటే..."

"నా గేటుకు అడ్డం రాకుండా పెట్టుకోండి సార్. అందరికీ కావలి కాసే ఆయన నాకు మాత్రం కాయడా? నాకైతే ఫ్రీ."

*

దసరాకు నాలుగు రోజుల ముందు సిద్ధాంతిని చెన్నకేశవులే కారులో తెచ్చాడు. ఆయన ఒప్పుకుంటే జనం వస్తారు. ఒప్పుకోకపోతే ట్రాక్టరు డ్రైవరు సిద్ధంగానే ఉన్నాడు.

సిద్ధాంతి ఏడు విగ్రహాల దగ్గరా ఆగి తల ఊపాడు. ఆ ఊపు మెచ్చుకోలో కాదో తెలియక లక్ష్మీనారాయణ వెంట పరుగెత్తాడు. చివరికి సిద్ధాంతి మైదానంలోకి నడిచి, నాపరాయి పక్కన నిలబడి, తూర్పుకు చూశాడు. ఆగ్నేయానికి తిరిగాడు. దక్షిణానికి తిరిగాడు. తిరుగుతూ తిరుగుతూ పూర్తిగా ఒక చుట్టు తిరిగి, చేతుల మీద లేచిన రోమాలు చూసుకున్నాడు.

"ఏడుగురూ ఈడికే చూస్తాండారే!"

"అవును స్వామీ. అంగుళం తేడా లేదు," అన్నాడు లక్ష్మీనారాయణ.

"ఈడ ఏముంది?"

"ఏమీ లేదు."

సిద్ధాంతి ఆయన్ను జాలిగా చూశాడు. "ఏమీ లేనిదాన్ని ఏడుగురు దేవుళ్లు యాల చూస్తారయ్యా?"

దానికి లక్ష్మీనారాయణ దగ్గర అంకెలతో సహా సమాధానం ఉంది. చెప్పబోయాడు. అప్పటికే చెన్నకేశవులు చెప్పులు విప్పి, నాపరాయి ముందు సాష్టాంగపడ్డాడు.

మరునాటికి సర్వే రాయికి పసుపు పూశారు. ఆ మర్నాటికి కుంకుమ బొట్లు, నిమ్మకాయలు. ఆ పై రోజుకు కర్పూరం పళ్లెం పట్టుకుని ఎవరో ముసలాయన కూర్చున్నాడు. దసరాకు సగం ప్లాట్లు పోవడం కాదు, దీపావళికి అమ్మకానికి పెట్టినవన్నీ పోయాయి. ప్లాటు దొరకనివాళ్లు పోటు ప్లాటైనా చాలన్నారు. ట్రాక్టరు తిరిగి పొలానికి పోయింది. చక్రం గెలిచింది.

లక్ష్మీనారాయణ ఆ గెలుపును సరిగ్గా తొమ్మిది రోజులు అనుభవించాడు. పదో రోజు చెన్నకేశవులు కబురు పెట్టాడు.

"సారూ, ఆ నడుమ ఎకరంలో గుడి కడ్తాండాం. ప్రహరీ, మండపం, కల్యాణమంటపం, ముందర కొబ్బరికాయల అంగళ్లు. ఎకరం చాలదేమో. ప్లాను గీసియ్యి."

"అది కూర్చునే చోటప్పా!"

"కూర్చుంటారు. మండపంలో కూర్చుంటారు. టికెట్టు పెడ్దాం."

ట్రాక్టరు నుంచి కాపాడింది వినాయకులు. ఇప్పుడు వినాయకుల నుంచి కాపాడేది ఎవరు?

"ఏ దేవుడి గుడి?" అని అడిగాడు లక్ష్మీనారాయణ.

"అదే ఆదివారం తేలుస్తాం. ప్లాట్లు కొన్నోళ్లంతా వస్తారు. సిద్ధాంతి గూడా వస్తాడు. నువ్వు గూడా రా."

శనివారమంతా లక్ష్మీనారాయణ గదిలో ప్లాను ముందు కూర్చున్నాడు. గుడి పెడితే చక్రానికి ఏమవుతుందో చూద్దామని పెన్సిలుతో నడుమ ఒక చదరం గీశాడు. దానికి ముందు ఏది, వెనక ఏది అని గుర్తు పెట్టబోయి ఆగిపోయాడు. పెన్సిలు కింద పెట్టాడు. ఆ ఏడాదిలో మొదటిసారిగా ఈల వేశాడు.

*

ఆదివారం మైదానంలో షామియానా వేశారు. రెండువందల మంది. మూడు జట్లు. శివుడంటారు కొందరు, వెంకటేశ్వరస్వామి అంటారు కొందరు. ఆడవాళ్లు అమ్మవారే అన్నారు. మరియమ్మ వెనక వరసలో స్వెటరు అల్లుతూ కూర్చుంది.

చెన్నకేశవులు లేచాడు. "కార్తీకమాసం. శివుడే. అందరూ చప్పట్లు కొట్టండి."

లక్ష్మీనారాయణ కూడా లేచాడు. చేతులు కట్టుకుని, చాలా వినయంగా సిద్ధాంతి వైపు తిరిగాడు.

"స్వామీ, ఒకసారి తప్పు చేసినవాణ్ణి. వాస్తు తెలీక ఏడు పోట్లు తెచ్చిపెట్టినా. మళ్లా తప్పు జరక్కూడదని అడుగుతాండా. శివాలయానికి ఎదురుగా ఇల్లుండొచ్చునా?"

సిద్ధాంతి ఉలిక్కిపడ్డాడు. "శివుని చూపు ఎదురా? రాదు, రాదు. ఆ చూపుకు సంసారం నిలుస్తాదా?"

"శివుడు తూర్పుకు చూస్తాడు గదా?"

"తూర్పుకే."

తూర్పు రోడ్డులో ప్లాట్లు కొన్న ముప్పైమంది ఒక్కసారే లేచారు. "అంటే మేం సావాల్నా? లక్షలు పోసి కొన్నది శివుని కంట్లో పడేదానికా?"

"అయితే వెంకటేశ్వరస్వామి," అన్నాడు ఉత్తరం రోడ్డు నుంచి ఒకాయన, హాయిగా.

"స్వామికి వెనకవైపు ఇల్లుండొచ్చునా స్వామీ?" అన్నాడు లక్ష్మీనారాయణ.

"వెనక పనికిరాదు. దరిద్రం."

తూర్పుకు చూసే స్వామికి వెనక పడమర. ఆ పడమరవైపు, వాకిలికి రెండుపక్కలా, అంగళ్ల కోసం ప్లాట్లు ఎవరికీ అమ్మకుండా దాచుకున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన మైకు పట్టుకునే ఉన్నాడు.

"వెంకటేశ్వరస్వామి వొద్దు!" అని చెన్నకేశవులు మైకులోనే అరిచాడు.

"అమ్మవారు!" అన్నారు ఆడవాళ్లు.

ఈసారి లక్ష్మీనారాయణ అడగనవసరం లేకపోయింది. ఉత్తరం రోడ్డులో ప్లాటు కొన్న ఒక రిటైర్డు హెడ్మాస్టరు తానే లేచాడు. "అమ్మవారికి పక్కలు పనికిరావు గదా సిద్ధాంతీ? అంటే ఉత్తరమూ దక్షిణమూ మేమేనా బలి?"

"పోనీ ఆంజనేయుడు?"

"బ్రహ్మచారి," అన్నాడు సిద్ధాంతి నీరసంగా. "చుట్టూరా రెండువందల అరవై సంసారాలు. ఆయనకు ఇబ్బంది."

గుండ్రటి ఊళ్లో ఉన్న కష్టం అదే. మామూలు ఊళ్లో గుడికి ముందు మైదానమో, వెనక చెరువో ఉంటాయి, దోషం వాటి మీద పోతుంది. ఇక్కడ ఏ దేవుణ్ణి కూర్చోబెట్టినా ముందూ మనుషులే, వెనకా మనుషులే, పక్కలూ మనుషులే. గంటన్నర అరిచాక షామియానా తాళ్లు తెగాయి. చొక్కాలు కూడా కొన్ని చినిగాయి. మరియమ్మ ఇద్దరికి కట్టు కట్టింది.

"అప్పా," అన్నాడు లక్ష్మీనారాయణ చెన్నకేశవులు చెవిలో, "ఖాళీకి ముందు లేదు, వెనక లేదు. ఎవరికీ దోషం లేదు."

చెన్నకేశవులు ఆయన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "నువ్వు సర్వేయరువు గాదు సారూ, తంటాలమారివి!" అన్నాడు. కానీ మైకు సిద్ధాంతి చేతికిచ్చాడు. సిద్ధాంతి అక్కడికక్కడే తీర్పు చెప్పాడు. ఆ ఎకరం ఎప్పటికీ ఖాళీగానే ఉండాలి. అక్కడ ఇటుక పడరాదు. దస్తావేజులో రాసి అందరూ సంతకాలు పెట్టారు.

ముప్పై ఒక్క ఏళ్ల కలకు శాస్త్రమే కాపలా. లక్ష్మీనారాయణ ఆ పూట సుగుణమ్మకు చామంతిపూలు కొనుక్కుపోయాడు.

*

రెండేళ్లు గడిచాయి. ఇళ్లు లేచాయి. ఎనిమిది రోడ్లకూ తారు పడింది. చుట్టూ రోడ్డు మీద సాయంత్రాలు జనం నడుస్తారు. కడప నుంచి ఒక కాలేజీ బృందం వచ్చి ఫోటోలు కూడా తీసుకుపోయింది.

నడుమ ఎకరంలో గడ్డి నడుము ఎత్తు పెరిగింది.

లక్ష్మీనారాయణ నెల రోజులు దాన్ని చూశాడు. తర్వాత హెడ్మాస్టరును పట్టుకున్నాడు. ఆయన ఇప్పుడు కాలనీ సంఘానికి అధ్యక్షుడు.

"ఏం సార్, అందరూ చుట్టూ తిరుగుతాండారు. ఒక్కరూ లోపల కూర్చోరే?"

"ఎట్ల కూర్చుంటాం లక్ష్మీనారాయణా? ఏడు చూపులు కలిసే చోటది. ఒక చూపుకే పోటు ఆగుతాదంటే, ఏడు చూపుల నడుమ మనిషి కూర్చుంటే ఉంటాడా?"

"ఎవరు చెప్పినారు?"

"ఒకరు చెప్పాల్నా?"

గడ్డి కోయడానికి కూడా మనిషి దొరకలేదు. రెట్టింపు కూలి అన్నా రాలేదు. గొర్రెల కాపరులు సైతం మందను అటు రానివ్వడం లేదు. దేవుడికి ఇవ్వకుండా కాపాడిన స్థలాన్ని జనం ఇప్పుడు దేవుడికి భయపడేదానికంటే ఎక్కువగా భయపడి వదిలేశారు.

ఆ ఆదివారం సాయంత్రం ఆయన మైదానం అంచున నిలబడి ఉండగా, తూర్పు రోడ్డు మీదుగా మరియమ్మ వచ్చింది. ఒక చేతిలో కొడవలి, ఇంకో చేతిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు.

"సార్, ఇంట్లో ఫ్యానుకు గాలి రాలేదు. ఈడ మస్తుగా వస్తాండాది. రండి, కూర్చుందాం."

ఆమె లోపలికి నడిచి, నాపరాయి చుట్టూ నాలుగు గజాల మేర గడ్డి కోసి, కుర్చీలు వేసింది. లక్ష్మీనారాయణ కాలు లోపలికి పెట్టబోయి ఒక్క క్షణం ఆగాడు. ఏడు దిక్కుల్లో ఏడు విగ్రహాలు. ప్రతిదానినీ తానే గురి చూసి నిలబెట్టాడు. లెక్క ప్రకారం చూపులు ఎక్కడ పడతాయో ఆయనకు అంగుళంతో సహా తెలుసు.

పోయి సరిగ్గా అక్కడే కూర్చున్నాడు.

చల్లటి గాలి. ఏ వైపు చూసినా రోడ్డు చివరిదాకా కనిపిస్తోంది. ఇరవై ఒక్క ఏళ్ల కిందట ఢిల్లీలో బస్సు ఎందుకు ఎక్కబుద్ధి కాలేదో ఆయనకు మళ్లీ తెలిసొచ్చింది.

మరియమ్మ అల్లిక తీసింది. అయిదు నిమిషాలు పోయాయి. చుట్టూ రోడ్డు మీద నడిచేవాళ్లు ఒక్కొక్కరే ఆగారు. మేడల మీదికి మనుషులు ఎక్కారు. చూస్తుండగానే మైదానం చుట్టూ వందమంది గుమిగూడారు. లోపలికి మాత్రం ఒక్కరూ అడుగు పెట్టలేదు.

"సారూ!" హెడ్మాస్టరు చేతులు నోటికి అడ్డం పెట్టి కేకేశాడు. "ఏమన్నా అయితాందా?"

"ఏం కాలేదు! హాయిగా ఉంది! మీరూ రండి!"

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గుసగుసలు నడిచాయి. ఎవరో ఇంట్లోంచి బెంచీ తెచ్చి అంచున వేసుకున్నారు. వేరుశనక్కాయల బండివాడు కూడా వచ్చి ఆగాడు. హెడ్మాస్టరు మళ్లీ కేకేశాడు.

"తొందరేం లేదు సారూ! ఇంకా రెండు మూడు నెలలు చూద్దామంటాండారు అందరూ. మీకేమీ కాకుంటే మేమూ వస్తాం. అందాకా రోజూ వచ్చి కూర్చోండి, మేం చూస్తాంటాం!"

మరియమ్మ పకపకా నవ్వింది. లక్ష్మీనారాయణ కుర్చీలో ఇంకొంచెం సర్దుకుని కూర్చున్నాడు.